ముఖాలు చూసుకోని స్నేహం

1900 డిసెంబరు 16, ఆదివారం. లండన్ నగరంలోని స్ట్రాండ్ థియేటర్‌లో ఒక క్రొత్త నాటకం ముగిసింది. ప్రేక్షకులు లేచి వెళ్లిపోతున్నారు. రంగస్థలం క్రింద, మసక వెలుతురులో ఇద్దరు వ్యక్తులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు యాభైమూడేళ్ల స్త్రీ. ఇంగ్లాండులో నాటకం చూసే అలవాటున్న వారిలో ఆమెను ఎరుగనివారు లేరు. రెండవవారు నలభైనాలుగేళ్ల రచయిత, ఎర్రని గడ్డం, సన్నని పొడవాటి మనిషి. వారిరువురూ ఒకరితో ఒకరు మాట్లాడడం అదే మొదటిసారి. అయితే అప్పటికి ఎనిమిదేళ్లుగా వారు ఒకరికొకరు ఉత్తరాలు వ్రాసుకుంటూనే ఉన్నారు. చెప్పరాని మాటలు చెప్పుకున్నారు, అడగరాని సలహాలు అడిగారు, పోట్లాడుకున్నారు, కాగితం మీద ప్రేమించుకున్నారు.

ఆమె పేరు ఎలెన్ టెర్రీ. ఆయన జార్జి బెర్నార్డ్ షా. ఆ రోజు ప్రదర్శించిన నాటకం షా ప్రత్యేకంగా ఆమె కోసమే వ్రాసినది. కాని వేషం వేసింది మరొక నటి, జానెట్ అచర్చ్. తన కోసం పుట్టిన పాత్రను వేరొకరు నటిస్తూ ఉంటే ఎలెన్ ప్రేక్షకురాలిగా కూర్చుని చూసింది.

ఈ వింత స్నేహానికి మూలం ఒక చిన్న విచారణ. 1892లో ఎలెన్ తనకు తెలిసిన ఒక యువ గాయనికి సంగీతంలో భవిష్యత్తు ఉన్నదో లేదో తెలుసుకోదలచి, ‘ది వరల్డ్’ అనే వారపత్రిక సంపాదకుడు ఎడ్మండ్ యేట్స్‌కు జాబు వ్రాసింది. ఆయన ఆ జాబును తన పత్రికలో సంగీత విమర్శలు వ్రాసే షాకు అందించాడు. షా ఆ అమ్మాయి కచేరీకి వెళ్లి, విని, ఉన్నదున్నట్లుగా తన అభిప్రాయం వ్రాసి పంపాడు. మొహమాటం లేని ఆ జవాబు ఎలెన్‌కు ముందు కోపం తెప్పించింది, తరువాత నచ్చింది. కొన్ని జాబులు నడిచాయి. తరువాత మూడేళ్ల మౌనం. 1895లో మళ్లీ మొదలైన ఉత్తరాలు ఇక ఆగలేదు.

*

ఎలెన్ టెర్రీ పుట్టుకే ప్రయాణంలో జరిగింది. తల్లిదండ్రులిద్దరూ ఊరూరా తిరిగే నటులు. 1847 ఫిబ్రవరి 27న వారి మజిలీ కావెంట్రీ పట్టణంలో. అక్కడి అద్దె గదిలో ఆమె జన్మించింది. బడికి వెళ్లి చదివింది లేదు. తొమ్మిదవ ఏట, 1856లో, లండన్‌లో ఛార్లెస్ కీన్ ప్రదర్శించిన షేక్స్పియర్ నాటకంలో చిన్నపిల్లవాడి వేషంతో రంగం మీదికి వచ్చింది. పదహారవ ఏట ప్రసిద్ధ చిత్రకారుడు వాట్స్‌ను పెళ్లాడింది. ఆయనకు అప్పటికి నలభైఆరేళ్లు. ఏడాది తిరగకుండానే విడిపోయారు. ఆ పైన గాడ్విన్ అనే వాస్తుశిల్పితో వివాహం లేకుండానే కాపురం చేసి, ఇద్దరు బిడ్డలకు తల్లి అయింది. విక్టోరియా రాణి కాలపు సమాజం అటువంటి స్త్రీని మామూలుగా అయితే గడప తొక్కనివ్వదు. ఎలెన్‌ను మాత్రం నెత్తిన పెట్టుకున్నది. ఆమె నవ్వులో, నడకలో, గొంతులో ఏదో ఉన్నదనీ, దాన్ని చూసిన తరువాత ఎవరికీ కోపం నిలవదనీ ఆనాటివారు చెప్పుకునేవారు.

1878లో హెన్రీ ఇర్వింగ్ ఆమెను తన లైసియం థియేటర్‌లోకి తీసుకున్నాడు. ఆ డిసెంబరు 30న ఆయన హామ్లెట్, ఆమె ఒఫీలియా. అక్కడి నుంచి ఇరవైనాలుగేళ్లపాటు ఆ జంట ఇంగ్లీషు నాటకానికి రాజు, రాణి. ఇర్వింగ్ ఆమెకు వారానికి 200 పౌన్లు ఇచ్చేవాడని ప్రసిద్ధి. ఆ రోజులలో అది ఊహకందని జీతం. లండన్‌లో నాటకాల కాలం ముగియగానే సమాజం మొత్తం తెరలతో, దుస్తులతో, దీపాలతో రైలెక్కేది. మాంచెస్టర్, లివర్‌పూల్, గ్లాస్గో, బర్మింగ్‌హామ్. అట్లాంటిక్ దాటి న్యూయార్క్, షికాగో. ఇర్వింగ్‌తో కలిసి ఆమె ఎన్నోసార్లు అమెరికా యాత్ర చేసింది.

తిరిగే నటుల జీవితానికి అప్పట్లో ఆదివారం ప్రయాణ దినం. శనివారం రాత్రి ఆట ముగిసేది, తెల్లవారగానే సామాన్లు రైలెక్కేవి, సోమవారం రాత్రికి మరొక ఊరిలో తెర లేవాలి. ఆదివారాలలో క్రూ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద అటు వెళ్లే సమాజాలు, ఇటు వచ్చే సమాజాలు కలుసుకుని కబుర్లు చెప్పుకునేవట. ఈ దృశ్యం తెలుగువారికి పరాయిది కాదు. లైసియం వెలుగుతున్న రోజులలోనే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం కీచకవధ ఆడి ఒక సంచార నాటక వంశానికి నాంది పలికింది. భార్యలు, పిల్లలు, తెరలు, ట్రంకు పెట్టెలు, హార్మోనియం, అన్నీ బండ్ల మీద, రైళ్ల మీద ఊరి నుంచి ఊరికి కదిలాయి. ఇంటికి దూరంగా బ్రతికేవారికి ఉత్తరమంటే ఏమిటో, బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ వంటి రైలు పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. పోస్టుమాను వచ్చే వేళకు వీధి అరుగు మీద ఎదురుచూసిన తరాలు అవి.

ఎలెన్ ఉత్తరాలు రైలు పెట్టెలో, హోటలు గదిలో, రెండు అంకాల నడుమ వేషం గదిలో వ్రాసినవి. అక్షరాలు పెద్దవి. పేజీ నిండా అడ్డగీతలు. ఒత్తి పలకవలసిన మాట వచ్చినప్పుడల్లా దాని క్రింద ఒక గీత, మరీ ముఖ్యమైతే రెండు. వాక్యం సగంలో ఆగి మరొక విషయంలోకి దూకుతుంది. బడి చదువు లేని ఆ చేతివ్రాతలో ఒక గొంతు వినబడుతుంది. షా చేతివ్రాత దీనికి పూర్తిగా వ్యతిరేకం: చిన్న అక్షరాలు, చక్కని వరుసలు, పద్ధతిగా సాగే వాదం. ఆయన కూడా చాలా ఉత్తరాలు రైళ్లలోనే వ్రాశాడు. ఆనాటి లండన్‌లో రోజుకు ఎన్నోసార్లు ఉత్తరాల బట్వాడా జరిగేది. ఒక పెన్నీ బిళ్లతో ఉదయం పంపిన ప్రశ్నకు సాయంత్రానికి జవాబు చేతికందేది.

మరి అంత దగ్గరగా ఉండి కలుసుకోకపోవడమేమిటి? ఒకే నగరం. షా 1895 నుంచి ‘సాటర్డే రివ్యూ’ పత్రికకు నాటక విమర్శకుడు. లైసియంలో క్రొత్త నాటకం వచ్చినప్పుడల్లా ముందు వరుసలలో కూర్చునేవాడు. ఎలెన్ తెరలోని చిన్న రంధ్రంలోంచి ఆయనను తొంగి చూసింది కూడా. ఒక్క మాట చాలు, పరిచయం జరిగిపోయేది. ఆ మాట ఇద్దరూ అనలేదు. కలిస్తే ఈ మాయ కరిగిపోతుందని ఆమె భయం. తన వయసు, రంగు పూసుకోని తన ముఖం, దగ్గరి నుంచి చూసిన మనిషికి ఎలా కనబడతాయో ఆమెకు తెలుసు. నాటకంలో నటికి ప్రేక్షకుడికి నడుమ దీపాల వరుస ఉంటుంది. ఈ స్నేహంలో ఆ వరుస స్థానంలో తపాలా పెట్టె నిలిచింది.

*

1896 సెప్టెంబరులో లైసియం వారు షేక్స్పియర్ ‘సింబెలీన్’ నాటకం ఆడబోతున్నారు. ఎలెన్‌ది ఇమోజెన్ పాత్ర. ఆ నాటకంలో ఒక కష్టమైన ఘట్టం ఉన్నది. మత్తుమందు ప్రభావం నుంచి మేలుకున్న ఇమోజెన్ తన ప్రక్కన తలలేని మొండెం చూస్తుంది. ఒంటి మీది బట్టలను బట్టి అది తన భర్తదే అనుకుంటుంది. ఈ దృశ్యం కొంచెం జారితే ప్రేక్షకుడు నవ్వుతాడు. ఎలెన్ తన దిగులు షాకు వ్రాసింది. షా ఏమి చేశాడంటే, నాటకం ప్రతి తీసి, ఏ మాట ఉంచాలో ఏది తీసివేయాలో గుర్తులు పెట్టి, సుదీర్ఘమైన ఉత్తరాలతో పంపాడు. ఆమె మెల్లగా మేలుకోవాలి, ముందు పూలు తెలియాలి, ఆ తరువాత ప్రక్కన మనిషి ఉన్నట్లు తెలియాలి, తల లేదన్న సంగతి అన్నిటికంటె చివర తెలియాలి; భయం మెట్టు మెట్టుగా ఎక్కాలి అని ఆయన బోధ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. ఈ ఉపాధ్యాయుడే నాలుగు రోజుల తరువాత పత్రికలో ఆ ప్రదర్శనను విమర్శించబోయే వ్యక్తి! తాను రహస్యంగా నేర్పిన నటనను తానే తూకం వేశాడు. ఆ వ్యాసంలో షేక్స్పియర్‌నూ, ఇర్వింగ్‌నూ కలిపి ఉతికివేశాడు. ఇర్వింగ్‌కు ఈ ఉత్తరాల సంగతి తెలిసి ఉంటే ఏమనుకునేవాడో ఊహించవచ్చు. ఎలెన్ ఒక ప్రక్క ఇర్వింగ్‌కు భాగస్వామి, మరొక ప్రక్క ఇర్వింగ్ శత్రువుకు ఆంతరంగికురాలు. ఆమెకు ఇందులో ద్రోహం కనబడలేదు. ఇద్దరినీ కలపాలనే ఆమె తాపత్రయపడింది. షా వ్రాసిన నెపోలియన్ నాటిక ‘ది మేన్ ఆఫ్ డెస్టినీ’ని ఇర్వింగ్ చేత ఒప్పించడానికి ఎంతో ప్రయత్నించింది. బేరసారాలు చాలాకాలం సాగి, 1897లో చేదుగా ముగిశాయి.

షా వాదన ఒక్కటే: ఇర్వింగ్ తన థియేటర్‌లో ఎలెన్‌ను అలంకారంగా వాడుకుంటున్నాడు, ఆమె మేధకు తగిన పాత్ర ఒక్కటీ ఇవ్వడం లేదు, క్రొత్త నాటకం ఆమె కోసం ఎదురు చూస్తున్నది. ఇందులో నిజమున్నది. స్వార్థమూ ఉన్నది. తన నాటకాలకు ఆనాడు ఆడే నటులు దొరకడం లేదు. దేశంలోకెల్లా ప్రియమైన నటి తన పక్షాన నిలబడితే సగం యుద్ధం గెలిచినట్లే. ఎలెన్ ఈ రెండింటినీ గ్రహించింది. జవాబులలో పొగడ్తకు నవ్వింది, ఒత్తిడికి లొంగలేదు. ఇర్వింగ్‌ను వదలి రాలేదు. ఆ పుస్తకం చదివే వారు షా తెలివిని చూసి ముచ్చటపడతారు, కాని పుస్తకం మూసిన తరువాత మనసులో మిగిలేది ఎలెన్ గొంతే.

1898లో షా షార్లెట్ పేన్‌టౌన్షెండ్‌ను వివాహం చేసుకున్నాడు. దానికి ముందు ఆ విషయంలో కూడా ఎలెన్ సలహాలు ఇచ్చింది. మరుసటి ఏడు ఆయన పెళ్లికానుక తిరగవేసినట్లు ఆమెకొక నాటకం పంపాడు. అదే ‘కెప్టెన్ బ్రాస్‌బౌండ్స్ కన్వర్షన్’. మొరాకో కొండలలో దొంగల నడుమ చిక్కుకున్న లేడీ సిసిలీ అనే ఆంగ్ల వనిత, చేతిలో ఆయుధం లేకుండా, కేవలం మంచితనంతో, చతురతతో, ప్రతి మనిషినీ తన ఇంటి పిల్లవాడిలా చూసే స్వభావంతో అందరినీ దారికి తెస్తుంది. ఉత్తరాలలో తాను చూసిన ఎలెన్‌నే షా పాత్రగా మలిచాడు. ఆమె చదివింది. ఇది నాకు సరిపడే వేషం కాదు అని జవాబు వ్రాసింది.

షా నొచ్చుకున్నాడు. అయినా ఒక పని మాత్రం ఆమె చేసిపెట్టింది. ఆనాటి ఇంగ్లాండు చట్టం ప్రకారం నాటకం అచ్చు కావడానికి ముందే ఒకసారి బహిరంగంగా ఆడితే తప్ప ప్రదర్శన హక్కులు భద్రం కావు. అందుచేత నామమాత్రపు ప్రదర్శనలు జరిగేవి. 1899 అక్టోబరు 10న, అమెరికా యాత్రకు కొద్ది రోజుల ముందు, లివర్‌పూల్‌లో ఎలెన్ అటువంటి ప్రదర్శన ఇచ్చి ఆ నాటకానికి రక్షణ కల్పించింది. అలా తనది కాదన్న పాత్రను అందరికంటె ముందు పలికింది ఆమే. ఆ తరువాతి ఏడే స్ట్రాండ్ థియేటర్ సంఘటన.

*

ఎలెన్ భయపడినంతా జరిగింది. ముఖాముఖి చూసుకున్న తరువాత ఉత్తరాలు పలచబడ్డాయి. అయితే ఆగలేదు. నిజానికి ఆమెకు ఉత్తరాల ఆసరా ఎక్కువగా కావలసివచ్చింది ఆ తరువాతి సంవత్సరాలలోనే.

1901 జనవరిలో విక్టోరియా రాణి మరణించింది, ఎడ్వర్డ్ రాజు గద్దెనెక్కాడు. పాత లోకం ముగుస్తున్నది. లైసియం తెరల గిడ్డంగి 1898లోనే కాలిపోయింది, నలభైకి పైగా నాటకాల సీనరీలు బూడిదయ్యాయి. ఇర్వింగ్ ఆరోగ్యం, అప్పులు రెండూ చేయి దాటాయి. 1902 జూలై 19న లైసియంలో ఆ జంట చివరిసారిగా ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ ఆడింది. ఎలెన్ వయసు యాభైఅయిదు. యువతి పాత్రలకు వయసు మించింది, ముసలి పాత్రలకు మనసొప్పదు. కంటి చూపు మందగిస్తున్నది, మాటలు జ్ఞాపకం ఉండడం కష్టమవుతున్నది.

మరుసటి సంవత్సరం ఆమె ఒక సాహసం చేసింది. ఇంపీరియల్ థియేటర్ తీసుకుని, కుమారుడు గోర్డన్ క్రెయిగ్‌ను దర్శకుడిగా నిలిపి, ఏప్రిల్‌లో ఇబ్సెన్ వ్రాసిన ‘వైకింగ్స్’ ప్రదర్శించింది. క్రెయిగ్ రంగాలంకరణ, వెలుగునీడల వాడకం తరువాతి కాలంలో ప్రపంచ రంగస్థలాన్నే మార్చివేశాయి. ఆనాటి టిక్కెట్ల కిటికీ వద్ద మాత్రం జనం లేరు. కొద్ది వారాలకే ఆట ఆగింది, ఆమె కూడబెట్టిన ధనం కరిగింది. నష్టం పూడ్చుకోవడానికి ఉన్న దారి ఒక్కటే. సమాజం పోగుచేసుకుని మళ్లీ రైలెక్కడం.

తల్లిదండ్రులు తిరిగిన ఊళ్లే, ఇప్పుడు వయసు మళ్లిన కుమార్తె తిరుగుతున్నది. నాటకం ఆమెకు పుట్టిల్లు కనుక ఊరు మారడం క్రొత్త కాదు. క్రొత్తదల్లా బరువు. పూర్వం సమాజం నడిపే భారం ఇర్వింగ్‌ది. ఇప్పుడు జీతాలు, రైలు చార్జీలు, హాలు అద్దెలు, అన్నీ ఆమె తల మీదనే. కుమారుడు ఎప్పుడూ డబ్బు ఇబ్బందులలోనే, అతనికి, అతని సంసారానికి పంపాలి. కుమార్తె ఎడిత్ దుస్తులు కుట్టించడం మొదలు రంగం ఏర్పాట్ల వరకు తల్లికి కుడిభుజం. ఈ సంసారమంతా ఉత్తరాల మీదనే నడిచింది. హోటలు బల్ల వద్ద ఒక ఉత్తరం వ్యాపారానిది, ఒకటి తల్లి మనసుది, ఒకటి స్నేహితుడికి. 1904లో డచ్చి రచయిత హైజర్మన్స్ నాటకం ‘ది గుడ్ హోప్’ను, సముద్రంలో మునిగిపోయే చేపల పడవల కథను, ఆమె జిల్లాల్లో తిరుగుతూ ఆడింది.

ఇర్వింగ్ కూడా అదే సమయంలో అవే రైళ్ల మీద వీడ్కోలు యాత్రలో ఉన్నాడు. 1905 తొలినాళ్లలో ఉల్వర్‌హాంప్టన్‌లో జబ్బుపడ్డాడు. ఆ వార్త విని ఎలెన్ వెళ్లి హోటలులో ఆయనను చూసింది. అక్కడి వైద్యుడు ఆమెతో, ఈ మనిషి ఇక ‘ది బెల్స్’ ఆడకూడదు, ఆ పాత్ర పెట్టే శ్రమకు గుండె తట్టుకోదు అని చెప్పాడు. ఈ సంగతి ఆమే తన ఆత్మకథలో వ్రాసుకున్నది. అక్టోబరు 12న బ్రాడ్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ ‘ది బెల్స్’ ఆడాడు. 13న ‘బెకెట్’ ఆడి, హోటలుకు తిరిగి వచ్చి, వాకిటి హాలులోనే కుప్పకూలి ప్రాణం విడిచాడు.

ఎలెన్ ఆ సమయంలో మాంచెస్టర్‌లో బారీ వ్రాసిన నాటకం ఆడుతున్నది. మరునాటి రాత్రి కూడా రంగం మీదికి వచ్చింది. నాటకం చివరి భాగంలో, గడచిన వసంతాన్నీ యౌవనాన్నీ తలచుకునే మాటల వద్ద ఆమె గొంతు పెగలలేదు. తెర దించివేశారు. ప్రేక్షకులు చప్పుడు లేకుండా లేచి వెళ్లారు. షా ఇర్వింగ్‌ను బ్రతికి ఉండగా విమర్శించాడు, చనిపోయిన తరువాత కూడా విడిచిపెట్టలేదు; ఒక విదేశీ పత్రికకు వ్రాసిన వ్యాసం పెద్ద దుమారం లేపింది. ఎలెన్ ఈ స్నేహితుడిని అప్పుడు కూడా వదులుకోలేదు. ఆమె హృదయంలో ఇద్దరికీ చోటున్నది.

*

ఇర్వింగ్ పోయిన అయిదు నెలలకు, 1906 మార్చి 20న, కోర్టు థియేటర్‌లో ఎలెన్ టెర్రీ లేడీ సిసిలీ వేషం కట్టింది. ఏడేళ్ల క్రితం వద్దన్న పాత్ర. మాటలు తడబడ్డాయి, కొన్ని మరచిపోయింది. అయినా రిహార్సళ్లలో షా విసుగు చూపలేదు. ఆ పాత్రను అక్షరాలలో ఆమె ఎన్నడో నటించేసింది కదా! జూన్ 12న ఆమె నటజీవితపు యాభైఏళ్ల పండుగ డ్రూరీ లేన్ థియేటర్‌లో జరిగింది. కరూసో పాడాడు, ఇటలీ నుంచి మహానటి ఎలియనోరా డ్యూస్ వచ్చింది, టెర్రీ వంశం వారు ఇరవైమందికి పైగా రంగం మీద కనిపించారు.

బ్రాస్‌బౌండ్ నాటకంలో అమెరికా నౌకాదళపు కెప్టెన్ వేషధారి జేమ్స్ కేర్యూ. ఎలెన్ కంటె దాదాపు మూడు దశాబ్దాలు చిన్నవాడు. 1907 జనవరిలో ఆమె సమాజం అమెరికా వెళ్లింది. న్యూయార్క్‌లో మొదలుపెట్టి ఊరూరా ‘ది గుడ్ హోప్’, ‘బ్రాస్‌బౌండ్’ ఆడింది. మార్చి 22న, పిట్స్‌బర్గ్ మజిలీలో, అరవై ఏళ్ల ఎలెన్ ఆ యువకుడిని పెళ్లాడింది. కొంతకాలం గుట్టుగా ఉంచి తరువాత ప్రకటించారు. షా నాటకమే ఆమెకు మూడవ భర్తను తెచ్చిపెట్టిందన్నమాట. లోకం నవ్వింది. రెండు మూడేళ్లలో ఇద్దరూ విడిపోయారు, అయినా స్నేహంగానే ఉన్నారు. ఆమె ఎవరితోనూ శత్రుత్వం పెట్టుకుని విడిపోయిన మనిషి కాదు.

1910లో ఎడ్వర్డ్ రాజు కాలం ముగిసే నాటికి ఆమె తిరగడానికి మరొక దారి కనిపెట్టుకున్నది. సమాజం అక్కరలేదు, తెరలు అక్కరలేదు. ఒక బల్ల, కొన్ని పూలు, పెద్ద అక్షరాలలో వ్రాసిన కాగితాలు. షేక్స్పియర్ స్త్రీల గురించి, పిల్లల గురించి ఉపన్యాసాలు ఇస్తూ, మధ్యమధ్య ఆ పాత్రలను నటించి చూపుతూ ఇంగ్లాండు, అమెరికా, 1914లో ఆస్ట్రేలియా కూడా తిరిగింది. చూపు మందగించినప్పుడు నటికి ఇంతకంటె వేరే సహాయం ఏమున్నది, కాగితం చేతిలోనే ఉంటుంది!

*

షాతో ఉత్తరాలు 1922 దాకా అప్పుడొకటి ఇప్పుడొకటిగా సాగాయి. 1925లో ప్రభుత్వం ఆమెకు ‘డేమ్’ బిరుదు ఇచ్చింది. 1928 జూలై 21న, కెంట్ జిల్లాలో స్మాల్‌హైత్ అనే పల్లెలోని తన పాత ఇంట్లో ఆమె కన్నుమూసింది.

తరువాత ఆ ఉత్తరాల కట్టల మీద పేచీ వచ్చింది. ఆ ఏడే మరొక స్నేహితుడు పేరు చెప్పకుండా తనకు వచ్చిన జాబులను పుస్తకంగా వేశాడు. షా ఉత్తరాలు ఎలెన్ వద్ద భద్రంగా ఉన్నాయి, ఎలెన్ ఉత్తరాలు షా వద్ద ఉన్నాయి. అచ్చు వేయడమా, మానడమా? షా మొదట వెనుకాడాడు, తరువాత ఒప్పుకుని పెద్ద పీఠిక వ్రాశాడు. ఎడిత్ స్నేహితురాలు క్రిస్టఫర్ సెయింట్ జాన్ (మగపేరు పెట్టుకున్న స్త్రీ) వాటిని పరిష్కరించింది. 1931లో పుస్తకం వెలువడింది, చేతులు మారి మారి చదివారు. గోర్డన్ క్రెయిగ్ మండిపడ్డాడు. తల్లి ఆంతరంగికాన్ని బజారులో పెట్టారని అతని ఆక్రోశం. అదే సంవత్సరం తల్లి గురించి తానొక పుస్తకం వ్రాసి, దానితో పాటు షాను ఎత్తిపొడిచే చిన్న అనుబంధం జతచేశాడు. ఎడిత్ అచ్చు వేయాలన్నది, తమ్ముడు వద్దన్నాడు. ఇద్దరూ తల్లినే కాపాడుతున్నామనుకున్నారు. ఎవరిది న్యాయమో తేల్చడం కష్టం. అచ్చు కాకపోతే మాత్రం, బడికి వెళ్లని ఒక నటి ఇంగ్లీషు భాషలో అంత జీవం గల వచనం వ్రాయగలదని ఎవరికీ తెలిసేది కాదు.

మన బళ్లారి రాఘవ కూడా ఇంగ్లాండు పర్యటనలో షాను కలిశాడని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన ఆ న్యాయవాది నటుడికి, ఎలెన్ వంటి నటీమణి కథ చెబితే ఎంత ఆసక్తిగా విని ఉండేవాడో!

ఎడిత్ 1939లో స్మాల్‌హైత్ ఇంటిని నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. అక్కడ లేడీ మాక్బెత్ వేషానికి ఎలెన్ తొడిగిన పచ్చని అంగీ భద్రంగా ఉన్నది, దాని మీద మిలమిల మెరిసే పురుగుల రెక్కలు వందలకొద్దీ కుట్టి ఉన్నాయి. ఆమె మిగిలిన ఉత్తరాలు 2010 నుంచి సంపుటాలుగా అచ్చయ్యాయి.

లేడీ మాక్బెత్ మొదటిసారి రంగం మీదికి వచ్చేటప్పుడు చేతిలో ఉత్తరం ఉంటుంది. భర్త వ్రాసిన జాబు చదువుతూనే ప్రవేశిస్తుంది. యాభైఏళ్లు రంగం మీద ఉత్తరాలు చదివిన ఎలెన్‌కు ఇది తట్టకుండా పోలేదు. షేక్స్పియర్ నాటకాలలో ఎవరు ఎవరికి ఏమి వ్రాశారో, ఆ ఉత్తరం ఎవరి చేతికి చేరి ఏమి ముంచిందో, ఏమి నిలిపిందో, దానిని గట్టిగా చదివేటప్పుడు నటి గొంతు ఎలా ఉండాలో, ఆమె ఒక ఉపన్యాసమే తయారుచేసింది. ఆమె ఊరూరా తిరిగి చెప్పిన నాలుగు ఉపన్యాసాలలో అది ఒకటి. ఆమె మరణించిన నాలుగేళ్లకు, 1932లో, ఆ నాలుగూ కలిసి పుస్తకంగా వచ్చాయి.